ఈ నోటిఫికేషన్లు కూడా చదవండి

పొద్దున్నే ఫోన్ చేతిలోకి రాగానే మీరు వెతికేది నోటిఫికేషన్. గ్రూప్స్ ఎప్పుడు? ఎస్‌ఎస్‌సీ ఎప్పుడు? బ్యాంకు పరీక్ష ఎప్పుడు? ఏలూరు కోచింగ్ సెంటర్లలోనూ, తాడేపల్లిగూడెం హాస్టళ్లలోనూ ఇదే మాట. తప్పేమీ లేదు. కానీ ప్రభుత్వం ఇచ్చే నోటిఫికేషన్లలో పోస్టులకు సంబంధించినవి కొన్నే. పన్ను రేటు మారిందనో, బిల్లులో కోత మారిందనో, పాత చట్టం పోయి కొత్తది వచ్చిందనో చెప్పేవి చాలా ఉంటాయి. వాటిని తెరిచి చదివేవాళ్లు తక్కువ. అందుకే చదివినవాళ్లకు గిరాకీ ఉంది.

మన చుట్టూ చూడండి. వేసవిలో డెల్టా కాలువలు కట్టేయగానే పనులు మొదలవుతాయి. పూడిక తీయాలి, గుర్రపుడెక్క తొలగించాలి, గట్లు పటిష్ఠం చేయాలి. స్కూలు ప్రహరీ, పంచాయతీ డ్రైను, లంక గ్రామానికి రోడ్డు... ప్రతి పనికీ ఎస్టిమేటు, టెండరు, అగ్రిమెంటు, బిల్లు ఉంటాయి. పొక్లెయిన్ నడిపేవాళ్లు దొరుకుతున్నారు, సైటు చూసుకునే ఇంజినీర్లూ దొరుకుతున్నారు. బిల్లు పెట్టే రోజున ఏ నిబంధన అమల్లో ఉందో చెప్పగలిగినవాళ్లు మాత్రం కరువు. పని పూర్తయినా బిల్లు కొర్రీతో వెనక్కి వస్తే నష్టపోయేది కాంట్రాక్టరు ఒక్కడే కాదు. కూలీల వారం జీతం కూడా ఆగిపోతుంది.

ఒకే మట్టిపని, మూడు రేట్లు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రభుత్వానికి చేసే వర్క్స్ కాంట్రాక్టు విలువలో 75 శాతానికి మించి మట్టిపనే ఉంటే ఒకప్పుడు జీఎస్టీ 5 శాతం. 2022 జులై 18 నుంచి అది 12 శాతమైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. పన్ను కాకుండా 10 లక్షల రూపాయల గట్టు పని అనుకోండి. 12 శాతమైతే పన్ను 1,20,000, 18 శాతమైతే 1,80,000. తేడా 60 వేలు. పాత రేటుతో ఇన్‌వాయిస్ ఇచ్చేసి, తర్వాత తేడా కట్టమని నోటీసు వస్తే చిన్న కాంట్రాక్టరు లాభంలో పెద్ద ముక్క అక్కడే పోతుంది.

మరి పాత రేటు రోజుల్లో పని చేసి, కొత్త రేటు వచ్చాక డబ్బు తీసుకుంటే? దీనికి జీఎస్టీ చట్టం 14వ సెక్షన్‌లో జవాబు ఉంది. సేవ అందించిన తేదీ, ఇన్‌వాయిస్ తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ మూడూ చూడాలి. మూడింట్లో రెండు ఏ రేటు కాలంలో పడితే స్థూలంగా ఆ రేటే వర్తిస్తుంది. పని, ఇన్‌వాయిస్ రెండూ మార్పుకు ముందే అయిపోతే పాత రేటు. పని ముందే అయినా ఇన్‌వాయిస్, పేమెంటు రెండూ తర్వాత అయితే కొత్త రేటు. డిగ్రీ బీకాంలో జీఎస్టీ చదివినవాళ్లకు ఇది అర్థం కానిదేమీ కాదు. కానీ పరీక్షలో రాసి వదిలేశాం కాబట్టి, ఎదురుగా బిల్లు పెడితే గుర్తుకు రాదు.

అదే రోజున సిమెంటు మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఒకవైపు పెరిగింది, మరోవైపు తగ్గింది. కొత్త టెండరుకు రేటు వేసేటప్పుడు రెండూ చూసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. సరుకేమీ వాడకుండా కేవలం సేవగా పంచాయతీకో, మున్సిపాలిటీకో చేసే కొన్ని పనులకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మీ పని దేని కిందకు వస్తుందో వాట్సాప్ ఫార్వర్డ్ చెప్పదు. నోటిఫికేషన్ వాక్యమే చెబుతుంది.

కోతలన్నీ ఒకటి కాదు

అదే 10 లక్షల బిల్లులో కోతలు చూడండి. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, అంటే 20 వేలు. కాంట్రాక్టరు వ్యక్తి అయితే ఆదాయపు పన్ను టీడీఎస్ 1 శాతం, 10 వేలు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం, ఇంకో 10 వేలు. మొత్తం 40 వేలు. ‘ఎలాగూ పోయిన డబ్బే’ అని చాలామంది వదిలేస్తారు. నిజానికి పోయింది 10 వేల సెస్సే. జీఎస్టీ టీడీఎస్ కాంట్రాక్టరు ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. కానీ అందుకు ఆఫీసువాళ్లు తర్వాతి నెల 10వ తేదీలోగా జీఎస్టీఆర్-7 వేయాలి, కాంట్రాక్టరు పోర్టల్‌లో దాన్ని అంగీకరించాలి. ఆదాయపు పన్ను కోత రిటర్నులో సర్దుబాటవుతుంది. ఈ 30 వేలను వెనక్కి తెచ్చిపెట్టేవారికి జీతం ఇవ్వడానికి ఏ కాంట్రాక్టరూ వెనకాడడు.

ఇక్కడ కూడా నేల కదులుతూనే ఉంది. కాంట్రాక్టరు టీడీఎస్ అంటే సెక్షన్ 194సి అని బట్టీ పట్టాం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చింది. పాత నంబరు ఇక చెల్లదు, 393వ సెక్షన్ దగ్గర మొదలుపెట్టాలి. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు 29 పాత కార్మిక చట్టాల స్థానంలోకి వచ్చాయి. ‘వేతనం’ అన్న మాటకు నిర్వచనమే మారింది. గైడు పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చేదాకా ఆగితే ఈలోపు ఎన్ని బిల్లులు తప్పుతాయో ఊహించండి.

పోలవరం నేర్పే పాఠం

ఇది చిన్న కాంట్రాక్టర్ల గొడవ మాత్రమే అనుకోకండి. మన గోదావరి మీది పోలవరమే తీసుకోండి. 2010-11 ధరల ప్రకారం ప్రాజెక్టు అంచనా సుమారు 16,010 కోట్లు. 2017-18 ధరలతో లెక్క కట్టి 2019లో సాంకేతిక సలహా కమిటీ ఆమోదించింది సుమారు 55,549 కోట్లు. పెరిగిందంతా సిమెంటు, ఇనుము ఖరీదు కాదు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక భూమికి, పునరావాసానికి అయ్యే ఖర్చు మారిపోయింది. చట్టం మారింది, అంచనా మారింది. ‘ఏ సంవత్సరం ధరలు?’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఏళ్ల తరబడి ఢిల్లీకి, రాష్ట్రానికి మధ్య ఫైళ్లు తిరిగాయి. రాష్ట్రం ముందు ఖర్చు పెట్టడం, పోలవరం ప్రాజెక్టు అథారిటీ బిల్లులు పరిశీలించడం, ఆ తర్వాతే కేంద్రం నిధులు ఇవ్వడం చాలాకాలం నడిచిన పద్ధతి. 2014 ఏప్రిల్‌కు ముందు పెట్టిన ఖర్చుకు ఆడిట్ చేసిన లెక్కలూ అడిగారు. 2024 ఆగస్టులో 41.15 మీటర్ల మట్టం వరకు 30,436.95 కోట్లకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ముంపు గ్రామాల ప్రజల ఎదురుచూపులకు, ఈ లెక్కల కాగితాలకు మధ్య ఉన్న సంబంధం అదీ.

కొల్లేరుది ఇంకో రకం పాఠం. 1999 అక్టోబరు 4 నాటి జీవో 120తో ప్లస్ 5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతం వన్యప్రాణి అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈ పరిధిలో రోడ్డు వేయాలన్నా, గట్టు కట్టాలన్నా టెండరులో తక్కువ రేటు వేస్తే సరిపోదు, వన్యప్రాణి చట్టం కింద అనుమతులు కావాలి. అనుమతి సంగతి చూడకుండా రేటు వేసినవారికి మిషన్ల అద్దె పెరుగుతుంది, సీజన్ పోతుంది. 2005-06లో ఆపరేషన్ కొల్లేరు కింద చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, నిబంధన కాగితం మీదే ఉండిపోతుందనుకున్నవాళ్లకు దాని బరువేమిటో తెలిసింది.

ఈ వారమే మొదలుపెట్టండి

ఏం చేయాలి? తాడేపల్లిగూడెంలో నిట్ అంటే కాలేజీ. ఇంజినీరింగ్ ఆఫీసులో ఎన్‌ఐటీ అంటే టెండరు ప్రకటన. ఈ రెండో దాన్ని ఒకటి చదవండి. రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో మీ మండలంలోని ఏదో ఒక పని వెతకండి. ధరావతు ఎంత, ధరల సర్దుబాటు క్లాజు ఉందా లేదా, జీఎస్టీ విడిగా చూపారా, గడువు దాటితే జరిమానా ఎంత... ఈ నాలుగూ వెతికి నోటుబుక్కులో రాసుకోండి. వారానికి ఒక టెండరు చాలు. జీఎస్టీ కౌన్సిల్ సమావేశం జరిగితే టీవీ స్క్రోలింగ్‌తో సరిపెట్టుకోకండి. కౌన్సిల్ చెప్పేది సిఫార్సు, దానికి అమలు తేదీ ఇచ్చేది నోటిఫికేషన్. నంబరు, తేదీ, ఏ రోజు నుంచి, ఏ పాత వాక్యం బదులు ఏ కొత్త వాక్యం... ఇంత రాసుకుంటే మీ సొంత రిజిస్టరు తయారవుతుంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌తో పాటు అది కూడా చూపించండి.

ఉద్యోగాలకూ కొదవ లేదు. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌తో కాగ్ కార్యాలయాల్లో ఆడిటర్, అకౌంటెంట్ పోస్టులు వస్తాయి. సీఎంఏ చదివేవారికి ధరల లెక్కే ప్రాణం. కామర్స్ డిగ్రీ ఉన్నవాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదై, పరీక్ష పాసై సొంతంగా నిలబడొచ్చు. ప్రైవేటు సంస్థల్లో బిల్లింగ్ ఇంజినీరు, టెండర్ ఎగ్జిక్యూటివ్ అనే పేర్లతో కనిపించే ఉద్యోగాలు కూడా ఇవే.

కాలేజీలకూ ఒక మాట. బీకాం చివరి ఏడాదిలో ఒక్క అసలు బిల్లు, పేర్లు తీసేసి అయినా సరే, విద్యార్థుల ముందు పెట్టండి. సివిల్ విద్యార్థులను, కామర్స్ విద్యార్థులను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. కొలత వేసేది ఒకరు, లెక్క కట్టేది ఇంకొకరు. ఒకరి భాష ఒకరికి తెలియకపోవడమే సగం కొర్రీలకు మూలం.

చివరిగా, నిబంధనలు తెలిసినవారి మీద ఒక బాధ్యత కూడా ఉంటుంది. ఇంజినీరింగ్ శాఖల్లో ఎం-బుక్ అనే కొలతల పుస్తకం ఉంటుంది. దాని పేజీలకు నంబర్లుంటాయి. రాసింది చెరపకూడదు. తప్పు పడితే గీత కొట్టి, సరైన అంకె వేసి, సంతకం పెట్టాలి. తీయని పూడికకు కొలత రాయమని ఎవరో ఒకరు మిమ్మల్ని కూడా అడుగుతారు. నిబంధన తెలియనివారు ఆ సంతకం భయంతోనో మొహమాటంతోనో పెట్టేస్తారు. తెలిసినవారు ‘ఇది కుదరదండీ, ఫలానా రూలు ఒప్పుకోదు’ అని గట్టిగా చెప్పగలరు. అలా చెప్పేవాళ్లు ఉన్నప్పుడే కాలువలో నీళ్లు చివరి పొలం దాకా వెళ్తాయి. పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతుల్లో లేదు. ఈ రెండో రకం నోటిఫికేషన్లు మాత్రం ఇవాళ కూడా వచ్చే ఉంటాయి. తెరిచి చదవండి.