సున్నా ఎక్కడికి పోయింది?

ఎక్సెల్‌లో మూడేళ్ల ఉత్తీర్ణత శాతాలు 92, 94, 95 అని వేసి బార్ చార్ట్ గీయమనండి. నిలువు గీత సున్నా దగ్గర మొదలవదు, సుమారు 90.5 దగ్గర మొదలవుతుంది. మొదటి కడ్డీ జానెడు ఉంటే చివరిది మూడు జానలు. పెరిగింది మూడు శాతం పాయింట్లే!

ఇందులో ఎవరి కుట్రా లేదు. అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా పెద్ద అంకెలో ఆరో వంతుకన్నా తక్కువైతే, ఎక్సెల్ తనంతట తానే సున్నాను వదిలేస్తుంది. గీతల గ్రాఫుకు అది మేలే. కడ్డీల విషయంలో మాత్రం దాన్ని సమర్థించడం కష్టం, వాటి పొడవే కదా కంటికి అర్థం.

రంగులదీ ఇదే కథ. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్, మనం వేరే రంగులు చెప్పకపోతే, ఏళ్ల తరబడి ‘జెట్’ అనే ఇంద్రధనుస్సు రంగులే వాడింది. చూడ్డానికి తిరునాళ్ల రంగులరాట్నమే. కానీ అందులో పసుపు దగ్గర వెలుగు ఒక్కసారిగా పెరుగుతుంది. సమాచారంలో లేని గట్టు పటంలో కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారికైతే మరీ ఇబ్బంది. 2014లో మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ ‘జెట్’ను పక్కనపెట్టి ‘పరూలా’కు మారింది. 2017 జనవరిలో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0, ముదురు ఊదా నుంచి పసుపు దాకా వెలుగు సమంగా పెరిగే ‘విరిడిస్’ను తెచ్చింది.

పాత ప్రోగ్రామునే కొత్త వెర్షన్‌లో నడిపినవారికి బొమ్మ మారిపోయింది. లెక్క మాత్రం అదే. ఎక్సెల్‌లో సున్నా కావాలన్నా పెద్ద పనేం లేదు: అక్షం మీద రెండుసార్లు నొక్కి, కనిష్ఠం గడిలో 0 కొట్టాలి.