పాత కారూ, పాత యజమానీ

ఇంట్లో పాత వస్తువేదైనా మూలపడిందంటే దాని సంగతి తేల్చడానికి ఇంటిల్లిపాదీ న్యాయమూర్తులే. గడియారం ఆగితే ఒకపూట విచారణ. కుట్టుమిషను ఆగితే వారం. కారే ఆగిందా, ఆ వ్యాజ్యం హైకోర్టుదాకా పోవలసిందే. మా యింట్లో యిప్పుడు నడుస్తున్నది అదే. ముద్దాయి మా కారు. దాని తరఫు వకీలును నేనొక్కణ్ణే. తక్కినవాళ్ళంతా అవతలి పక్షం.

మాది కలకడ. కర్నూలు నుంచి చిత్తూరు పోయే పెద్ద రోడ్డుమీద, రాయచోటికీ పీలేరుకూ నడుమనున్న వూరు. టమాటా పండించి, ధర పలికితే నవ్వి, పడిపోతే నిట్టూర్చే సీమ. మాకు బస్సులు లేకపోలేదు. కాని ముసలివాళ్ళున్న యింట్లో జబ్బు వేళలూ, బస్సు వేళలూ ఒకటి కావు గదా! అందుకనే 2001లో, బడిపంతులుగా వున్న రోజుల్లో, బ్యాంకులో అప్పుచేసి ఒక చిన్న కారు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. పాతికేళ్ళు మమ్మల్ని మోసినదాని మీద పదిమందిలో చాడీ చెప్పినట్లవుతుంది.

పోయిన నెల మా అమ్మకు కళ్ళు చూపించడానికి తిరుపతి తీసుకుపోయాను. ఆమెకు 84 ఏళ్ళు. మూడునెలలకొకసారి పోక తప్పదు. తిరుగు ప్రయాణంలో పొద్దుగూకింది. భాకరాపేట ఘాటు ఎక్కుతూ వుండగా వేడి చూపే ముల్లు ఎర్రగీతమీదికి ఎగబాకింది. నేను చూసేలోపలే ముందునుంచి బుస్సుమని ఆవిరి. బండి ఆగిపోయింది. రేడియేటరు నీళ్ళగొట్టం పగిలింది. తప్పు కారుది కాదు సుమండీ. ఆ గొట్టం మార్చమని మెకానిక్కు ఏడాది కిందటే చెప్పాడు. నాలుగు వందలు మిగుల్చుకుందామని వాయిదా వేసింది నేనే.

చుట్టూ అడవి, చీకటి. వెనకసీట్లో అమ్మా, మా ఆవిడా. మలుపు తిరిగిన ప్రతి లారీ వెలుతురూ మా మీదికే వస్తున్నట్లు. చివరకు ఖాళీ టమాటా పెట్టెలతో వెనక్కు పోతున్న లారీ ఒకటి ఆగింది. డ్రైవరు కుర్రవాడు నన్ను పక్కకు నెట్టి, "మూత ఇప్పుడే తియ్యొద్దు సార్, మొగం కాలిపోతుంది" అన్నాడు. అరగంట ఆగి, గొట్టానికి గుడ్డపట్టీ చుట్టి, రెండు బిందెల నీళ్ళు పోసి సాగనంపాడు. ఇల్లు చేరాం. కాని తెల్లవారి చూస్తే ఇంజను ఆయిలు మజ్జిగలా తెల్లబడి వుంది. హెడ్ గ్యాస్కెట్టు పోయి, నీళ్ళు ఆయిల్లో కలిశాయన్న మాట.

అక్కణ్ణించి విచారణ మొదలు.

బెంగుళూరునుంచి మా అబ్బాయి ఫోను. "నాన్నా, దాన్ని తుక్కుకిచ్చెయ్యి. కొత్తది కొందాం. కంతులు నేను కడతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.యస్.టి. 28నుంచి 18కి దిగింది. ఇంతకంటే మంచి తరుణం రాదు" అన్నాడు. మా ఆవిడ తక్షణం తీర్పు చెప్పింది. "బాబు మాట వినండి. అమ్మితే యిరవై వేలు రాని బండికి నలభైవేల వైద్యమా?"

పక్కింటాయన యింకో భయం పెట్టాడు. పదిహేనేళ్ళు దాటిన బండ్లను పట్టుకుపోతారట! ఈ మాట చాలా యిళ్ళల్లో తిరుగుతున్నది గనుక చెప్పక తప్పదు. పదిహేనేళ్ళ పెట్రోలు బండి, పదేళ్ళ డీజిలు బండి తిరగకూడదన్న నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది ఢిల్లీ ప్రాంతానికి. అక్కడి గాలి కథ వేరు. మనకు వర్తించేది 1988 మోటారు వాహనాల చట్టం. సొంత కారు రిజిస్ట్రేషను మొదట పదిహేనేళ్ళు. తర్వాత బండిని చూపించి, బాగుందనిపించుకుంటే అయిదేసి యేళ్ళు పొడిగిస్తారు. మా కారుకు 2016లో ఒకసారి, 2021లో ఒకసారి అయింది. 2026తో ఆ గడువూ తీరుతుంది. కాకపోతే 2021లో ఆరువందలున్న రుసుము, యిరవై యేళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టు నుంచి పదివేలయింది. పట్టుకుపోవడం లేదుగాని, పొమ్మనకుండా పొగబెడుతున్నారు.

మా నాయన కాలంలో అసలు యీ ప్రశ్నే లేదు. అంబాసిడరు కారు 1957లో మొదలైంది. ఆ రోజుల్లో డబ్బుకట్టి, పేరు రాయించుకుని, కారుకోసం యేళ్ళకేళ్ళు కాచుకునేవారు. కొత్తది దొరికితే గదా పాతదాన్ని పారెయ్యడం! అందుకే వూరూరా మేస్త్రీలు పుట్టారు. హవానా నగరంలోనూ అంతే. అమెరికానుంచి కార్లు రావడం ఆగిపోయిన తర్వాత, 1950ల నాటి బండ్లనే అక్కడివాళ్ళు దశాబ్దాల తరబడి బాగుచేసుకుంటూ నడిపారు. మనకు 1983 డిసెంబరు 14న మారుతి 800 వచ్చింది. తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. అంబాసిడరు 2014 మేలో ఆగిపోయింది. మారుతి 800 కూడా అదే సంవత్సరం మొదట్లో ఆగింది. ఇప్పుడు కొట్టుకుపోతే వారంలో కారు వస్తుంది. అందుకే ఇంటింటా యీ తగవు వచ్చింది.

సరే, పీలేరులో మా మెకానిక్ భాయ్ షెడ్డుకు కారును లాగించుకుపోయాను. ఇంజను మూత ఎత్తుతాడనుకున్నాను. అతడు జాకీ వేసి, అడుగుకు దూరాడు.

"రోగం పైన వుంటే కింద దూరతావేం భాయ్?" అన్నాను.

"ఇంజనుదేముండాది సార్! హెడ్డు విప్పి, ఫేసింగు కొట్టించి, గ్యాస్కెట్టు మారుస్తా. గేరుబాక్సు మార్చొచ్చు, సస్పెన్షను మార్చొచ్చు. ఇట్లాంటి కార్లకు లారీ మాదిరి కింద వేరే చట్రం వుండదు. ఈ రేకే చట్రం. చక్రాలను పట్టుకొనుండే చోట రేకు తుప్పు తినేసిందంటే ఎంత పోసినా దండగ" అన్నాడు.

స్క్రూడ్రైవరు పిడితో నాలుగు మూలలా తట్టాడు. లోపల పట్టాలు ఎత్తి కాళ్ళకింది రేకు చూశాడు. తట్టినచోటల్లా టంగుమని మోగింది. "సముద్రం పక్కన బండయితే ఈపాటికి అప్పడమే. మన పక్క గాలి ఎండు గాలి గదా. ఇంకా గట్టిగుండాది" అని సర్టిఫికెట్టు యిచ్చాడు. పాత కారున్న వాళ్ళెవరైనా సరే, ఇంజను రొద వినేముందు యీ చప్పుడు వినడం మంచిదని నా కప్పుడు తెలిసింది.

మొత్తం చీటీ 42 వేలు. హెడ్డు, రేడియేటరు, బ్రేకులు, నాలుగు టైర్లు. పెట్రోలు దారిలోని రబ్బరు గొట్టాలూ, వాషర్లూ కూడా మార్చాలన్నాడు. ఇప్పుడు పెట్రోల్లో నూటికి యిరవై వంతుల ఎథనాలు కలుస్తున్నది గదా. పాత బండ్ల రబ్బరు దానికోసం చేసింది కాదు. పాత కార్లకు మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది.

ఆ రాత్రి మా ఆవిడా నేనూ కాగితం, పెన్సిలూ పెట్టుకుని కూర్చున్నాం. ఆమె వాదం మళ్ళీ అదే. యిరవైవేల కారుకు నలభైరెండువేలా? 2021లో ప్రకటించిన తుక్కు విధానంలో కూడా పాత బండికి వచ్చేది కొత్తదాని షోరూము ధరలో నాలుగు నుంచి ఆరు శాతమే అన్నారు. కాని ఆ లెక్క అమ్మేవాడి లెక్క. మేం నడుపుకోవాలి. కాబట్టి సంవత్సరానికి ఏది ఎంత తింటుందో చూడాలి గదా!

కొత్తది 4,80,000. పదేళ్ళు వాడి లక్షకు అమ్మామనుకుంటే యేడాదికి 38 వేలు. బీమా, సర్వీసింగు 15 వేలు. మొత్తం 53 వేలు. వడ్డీ దీంట్లో వెయ్యలేదు, అది అబ్బాయి ఖాతా.

పాతదానికి మరమ్మతు 42 వేలు. రిజిస్ట్రేషను రుసుము, గ్రీన్ టాక్సు, తిరుగుళ్ళ ఖర్చు కలిపి 13 వేలు. ఈ 55 వేలనూ అయిదేళ్ళకు పంచితే యేటా 11 వేలు. ఏటేటా వచ్చే చిల్లర రిపేర్లు 14 వేలు. మేం తిరిగేది ఏడాదికి నాలుగువేల కిలోమీటర్లు. లీటరుకు కొత్తది 22, మాది 14 అనుకున్నా, మాది 104 లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు 110 చొప్పున 11,440. మొత్తం 36,440.

పాతదే 16,560 తక్కువ! "వకీలు గెలిచాడు" అన్నాను. కాఫీ కూడా అడిగాను.

అప్పుడు అమ్మ, మంచంమీద పడుకుని అంతా వింటున్నది కాబోలు, మెల్లగా లేచి కూర్చుంది.

"ఏం నాయనా, ఆ పొద్దు కొండలో నాకెంత బయమేసిందో నీకు తెలుసునా?"

"నేనున్నాను గదమ్మా" అన్నాను.

"నీకేమప్పా, ముందర చక్రం పట్టుకొనుంటావు. వెనకాల కూసున్నోళ్ళకు పట్టుకునేదానికి ఏముండాది?"

కాఫీ వచ్చింది. తాగలేకపోయాను.

నా లెక్కలో వెయ్యని పద్దు అదొక్కటే. మా కారుకు వెనకసీటు బెల్టు లేదు. గాలిసంచులు లేవు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఎ.బి.యస్. లేదు. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఎ.బి.యస్. తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచి. డ్రైవరు ముందు గాలిసంచి 2019 జూలై నుంచి, పక్కసీటుకు 2022 జనవరి నుంచి. 2001లో కొన్న బండికి యివెక్కణ్ణించి వస్తాయి? భాయ్ ఎంత నేర్పరి అయినా పోయినదాన్ని బాగుచెయ్యగలడు గాని, పుట్టుకలో లేనిదాన్ని పెట్టలేడు. మరమ్మతుకూ ఒక హద్దుంది. అది డబ్బు హద్దు కాదు.

ఆ రాత్రి నిద్రపట్టక నన్ను నేనే విచారించుకున్నాను. అబ్బాయి కారు కొనిస్తానంటే నాకెందుకు అంత రోషం వచ్చింది? కారుమీద ప్రేమా? పొదుపా? రెండూ కాదు. మొదటి మారుతి 800 తాళాలు ఇందిరాగాంధీ చేతిమీదుగా అందుకున్న హర్‌పాల్ సింగ్ అనే ఆయన, 2010లో పోయేదాకా ఆ కారును వదలలేదు. ఆయన పోయాక అది ఆరుబయట తుప్పుపట్టింది. చివరకు కంపెనీవారు బాగుచేయించి తమ కార్యాలయంలో నిలబెట్టుకున్నారు. ఆయన మనసు నాకు అర్థమవుతుంది. ఉద్యోగం పోయింది, బడి పోయింది, పిల్లలు దూరమయ్యారు. ఎవరినీ అడక్కుండా నేను తిప్పగలిగింది ఆ ఒక్క చక్రమే. అది వదిలితే, పీలేరుకు పోవాలన్నా ఒకరి తీరిక చూడాలి. నేను వాదించింది కారు తరఫున కాదు, నా తరఫునే. పాపం, వెనక కూర్చున్న అమ్మను సాక్షిగా పిలవాలని కూడా తోచలేదు.

తెల్లవారి తీర్పు నేనే చెప్పాను. కారుకు మరమ్మతు చేయిస్తాం. పీలేరుకు, మదనపల్లెకు, వాయల్పాడుకు, పగటిపూట, మెల్లగా, మా యిద్దరికీ అది చాలు. తిరుపతి ఘాటు మాత్రం దానికీ నాకూ కూడా నిషేధం. అమ్మను మూడునెలలకొకసారి గాలిసంచులూ, వెనక బెల్టులూ వున్న కొత్త బాడుగ కారులో తీసుకుపోతాం. పోనూ రానూ 3,500 చొప్పున నాలుగుసార్లకు 14 వేలు. మిగిలిందన్న 16,560 లోనే సరిపోతుంది. అబ్బాయి డబ్బు అబ్బాయి దగ్గరే వుండనీ. ఎప్పుడైనా భాయ్ తట్టినప్పుడు రేకు టంగుమనకుండా మెత్తగా పలికిందంటే, ఆనాడు ఫోనుచేసి నేనే అడుగుతాను. రోషం లేకుండా.

అంతా విని మా ఆవిడ, "బాగానే వుంది. రేకు సంగతి భాయ్ తట్టి చెపుతాడు. డ్రైవరు సంగతో?" అంది.

దానికీ చట్టంలోనే దారి దొరికింది. యాభైయైదు దాటినవాళ్ళకు డ్రైవింగు లైసెన్సును కూడా అయిదేసి యేళ్ళకే యిస్తారు. డాక్టరు సర్టిఫికెట్టు జతచెయ్యాలి. అంటే కారుకూ నాకూ ఒకటే గడువు. నాకిప్పుడు 68. ఈ అయిదేళ్ళు గడిచాక యిద్దరినీ ఒకేరోజు చూపించాలనీ, ఎవరు తప్పినా రెండోవాళ్ళు మారుమాటాడకుండా పక్కకు తప్పుకోవాలనీ ఒప్పందం కుదిరింది.

అమ్మకు యీ తీర్పు వినిపించాను. కాసేపు ఆలోచించి, "బాడుగ కారులో నువ్వు యాడ కూసుంటావు నాయనా?" అని అడిగింది.

"నీ పక్కన, వెనకసీట్లో" అన్నాను.

"అట్లయితే వస్తా" అంది.