గంప కూడా కళే



ఎండాకాలం సెలవుల్లో శింగనమల నుంచి బస్సెక్కి మాయమ్మతో అనంతపురం చేతిపనుల సంతకు పోయినాను. నిమ్మలకుంట తోలుబొమ్మల దగ్గర జనమే జనం. మేకతోలును గీకి, సన్నగా రంధ్రాలు కొట్టి, రంగులు వేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నాకూ సంతోషమే.

పక్కనే మాయమ్మ ఈత గంపలు పెట్టుకుని కూర్చునింది. మా ఎరుకలోళ్లకు అది తరాల పని. ఒకామె "బరికెలకేం ఖర్చు? సగానికియ్యి" అనింది. బరికెలు కోసి, చీల్చి, నానబెట్టి అల్లాలని నేను చెప్పాల్సింది. మన క్లాసు పిల్లలు వస్తా ఉంటే సిగ్గుపడి పక్కకు పోయినాను. అది నా తప్పు.

బొమ్మ కళ అయితే గంప కూడా కళే. "ఎంత?" అనే ముందు "ఎట్ల చేసినారు?" అని అడగండి.

వార్డెన్ మేడం గారూ, ఒక ఆదివారం మాయమ్మను హాస్టలుకు పిలిపించండి. ఆమె అల్లి చూపిస్తుంది. ఈసారి నేను పక్కనే కూర్చుని, "ఈమె మాయమ్మ" అని అందరికీ చెప్తాను.

— 9వ తరగతి విద్యార్థిని