మోకాళ్ళ నొప్పికి కొత్త సైకిలు మందా?

ప్రశ్న: నా వయస్సు 46, బరువు 78 కిలోలు. మధుమేహం ఉన్నందున ఏడాదిగా ఉదయంపూట గేర్ల సైకిలు తొక్కుతున్నాను. అరగంట దాటితే మోకాలిచిప్పల దగ్గర నొప్పి, చిటికెన వేళ్ళలో తిమ్మిరి. లక్షా ఇరవైవేలు పెట్టి కార్బన్ ఫ్రేము రోడ్ బైకు కొంటే ఈ బాధలుండవని మిత్రుడంటున్నాడు. పిల్లల ఫీజులకని దాచిన డబ్బు అది. కొనమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ డబ్బు ప్రస్తుతానికి కదపకండి. మీరు వ్రాసినదాన్నిబట్టి చూస్తే లోపం సైకిలు ధరలో కాక, కొలతలో ఉన్నట్లు తోస్తున్నది. సీటు కిందికి ఉంటే తొక్కిన ప్రతిసారీ మోకాలు అతిగా వంగి చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనాలని చాలామంది సీటును అలాగే ఉంచుకుంటారు! గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. మడమను పెడల్ మీద ఉంచి అడుగుకంటా దించితే కాలు తిన్నగా చాపుకోవాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగుతుంది. ఒక్క పానాతో అయ్యే పని.

చిటికెన వేలికి వెళ్ళే నరం అరచేతి అంచున హ్యాండిల్ కింద నలిగితే తిమ్మిరెక్కుతుంది. హ్యాండిల్‌ను కాస్త ఎత్తించి, తరచు పట్టు మార్చండి. రోడ్ బైకుల్లో సాధారణంగా హ్యాండిల్ ఇంకా కిందికి ఉంటుంది. అరచేతుల మీద భారం పెరగవచ్చు. సైకిలు దిగాక కూడా తిమ్మిరి పోకపోయినా, పాదాల్లో కనిపించినా అది మధుమేహం వల్ల కావచ్చు. డాక్టరుకు చూపించండి.

ఎక్కువ ధరతో వచ్చేది రెండు మూడు కిలోల తేలిక, కొంత వేగం. చదును రోడ్డు మీద మిమ్మల్ని ఆపేది ముఖ్యంగా ఎదురుగాలి. వారానికి 150 నుంచి 300 నిమిషాల మితమైన వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది మీ పాత సైకిలు మీదా అవుతుంది.

మూడు నెలలు సరిచేసుకుని తొక్కి చూడండి. ఎంత సర్దినా ఫ్రేము మీ ఎత్తుకు కుదరకపోతే వేరే సైకిలు కొనవలసిందే. అదైనా లక్ష రూపాయలది కానక్కరలేదు. కొత్తబండి మోజుతో తెల్లవారుజామునే లేచేవారూ ఉన్నారు, కాదనను.

ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడుతుంటే జేబులో గ్లూకోజు ఉంచుకోండి. తొక్కుతుండగా ఛాతీ పట్టేసినట్లుంటే వెంటనే ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి.