చక్షుస్సా, శ్రోత్రమా? స్మృతికి ఆశ్రయమేది?

పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో తరచుగా కనబడే ప్రయోగమొకటి ఉన్నది. ఒక బృందానికి ఇరువది వస్తువుల చిత్రాలను చూపుతారు. మరొక బృందానికి ఆ వస్తువుల పేర్లనే చదివి వినిపిస్తారు. కొన్ని నిమిషాల పిమ్మట ఎవరికెన్ని జ్ఞప్తికి వచ్చినవో లెక్కించి అట్టపై రెండు స్తంభాలు గీస్తారు. సాధారణంగా చూపుదే పైచేయి. దృశ్యస్మృతి ఉత్తమం, శ్రవ్యస్మృతి అధమం అని నిర్ణయం వెలువడుతుంది. ఇది చూచిన ఆస్తికులు కొందరు, వేదం శ్రుతిరూపంగానే నిలిచినది కదా, చెవి తక్కువదెట్లగును అని కలత చెందుతారు. మరికొందరు ప్రయోగమే మిథ్య అని త్రోసిపుచ్చుతారు. రెండూ తొందరపాటే.

ప్రయోగఫలం అసత్యం కాదు. విన్న ధ్వనులను గుర్తుపట్టడంలో మానవుని స్మృతి, చూచిన చిత్రాలను గుర్తుపట్టడం కంటె చాలా దుర్బలమని 2009లో అమెరికా పరిశోధకులు కూడ ప్రకటించారు. అయితే చిక్కు మరొకచోట ఉన్నది. 1964లో కాన్రాడ్ అనే ఆంగ్ల మనశ్శాస్త్రజ్ఞుడు అక్షరాలను కంటికి మాత్రమే చూపి, వెంటనే వ్రాయుమన్నాడు. వారు చేసిన పొరపాట్లు ఆకృతిలో పోలిన అక్షరాల నడుమ కాక, బి, పి, వి వలె ధ్వనిలో పోలిన వాటి నడుమ అధికంగా కనబడినవి. కన్ను గ్రహించినదానిని అంతఃకరణం శబ్దంగా మార్చుకొని నిలుపుకొన్నదన్నమాట. చిత్రం చూచిన బాలుడు కూడ ‘ఏనుగు’ అని లోలోపల అనుకొనక మానడు. కనుక ఆ స్తంభాలలో ఒకటి శుద్ధంగా కంటిది, మరొకటి శుద్ధంగా చెవిది అనుట కుదరదు.

ఈ విషయంలో మన దర్శనకారుల విచారణ సూక్ష్మమైనది. తర్కశాస్త్రం స్మృతిని సంస్కారమాత్రం వలన పుట్టే జ్ఞానమంటుంది. ఇంద్రియం అనుభవానికి ద్వారం. స్మృతికి సాక్షాత్కారణం సంస్కారం. ఆ సంస్కారం దేనివలన బలపడుతుందో వైశేషికాచార్యుడు ప్రశస్తపాదుడు మూడు విధాలుగా చెప్పాడు: పటుత్వం, అభ్యాసం, ఆదరం. పటుత్వానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ దక్షిణదేశీయుడు ఒంటెను చూచుట. ఎన్నడూ చూడని ఆ జంతువు అతనికి ఒక్కసారికే మనసులో నాటుకొంటుంది. అభ్యాసానికి విద్య, శిల్పం, వ్యాయామం ఉదాహరణలు. చూడవలెనని ఆదరంతో ఎదురుచూచి చూచినది మూడవది. ఈ మూడింటిలో ఏదీ ఒక ఇంద్రియానికి కట్టుబడినది కాదు. పాఠశాల ప్రయోగం కొలిచినదో? ఒక్కసారి కలిగిన అనుభవపు పటుత్వాన్ని మాత్రమే. అభ్యాసానికీ, ఆదరానికీ అందులో చోటే లేదు.

వేదాధ్యయనం నిలిచినది ఆ రెండింటి మీదనే. ఘనపాఠంలో మూడు పదాలు ముందుకు, వెనుకకు మరలుతూ పదమూడు పదోచ్చారణలవుతాయి. ఆ వెంటనే రెండవ పదంతో మరల మొదలు. ఇది చెవి గొప్పతనమని చెప్పుకొనుట అర్ధసత్యమే. శుక్లయజుర్వేదులు స్వరాన్ని హస్తచాలనంతో చూపుతారు. సామగులు వ్రేళ్ల కణుపులపై గుర్తిస్తారు. గురుముఖాన్ని చూచుట, నాలుక, చేయి, శ్వాస అన్నీ అందులో భాగాలు. వ్రాతప్రతి చూచి చదివేవానిని అధమపాఠకులలో చేర్చిన పాణినీయశిక్షయే అర్థమెరుగనివానిని సైతం ఆ వరుసలోనే కూర్చోబెట్టినది. రెండవ మాటను మనం అంతగా తలచుకొనము!

ఈ చర్చ కేవలం పాండిత్యవినోదం కాదు. ఆ అట్ట చూచిన తల్లిదండ్రులు ‘మావాడు దృశ్యాభ్యాసి, వింటే ఎక్కదు’ అని ముద్రవేసి, స్తోత్రం వల్లెవేయించుట మానివేస్తున్నారు. ఇట్లు శైలిని బట్టి బోధిస్తే విద్య మెరుగుపడుతుందనుటకు తగిన సాక్ష్యం లేదని 2008లో పాష్లర్ మొదలైన మనశ్శాస్త్రజ్ఞులు పరిశీలించి తేల్చారు. పదేండ్ల బాలునికి ‘నీ చెవి మందం’ అని చెప్పుట అతని అభ్యాసానికే గండి కొట్టుట.

ప్రయోగం మానవలసిన పని లేదు. మరి రెండు బృందాలను చేర్చవచ్చును. ఒకటి ఆ ఇరువది పేర్లను విని, గురువుతో కలిసి క్రమపద్ధతిలో రెండేసి పదాలుగా పలుకవలెను. రెండవది అంతసేపూ చిత్రాలనే మరల మరల చూడవలెను. నాలుగు బృందాలనూ ఆనాడు కాక వారం దాటిన పిదప ప్రశ్నించి, అప్పుడు స్తంభాలు గీయవలెను.