పోయిన వల ఎక్కడుందో రేవును అడగండి

సంపాదకుడు గారికి,

విశాఖ ఋషికొండ దగ్గర స్కూబా డైవర్లు సముద్రంలోంచి వలల చుట్టలు పైకి తెచ్చి ఇసుకలో కుప్ప పోసిన ఫొటోలు పేపర్లలో అప్పుడప్పుడూ చూస్తున్నాను. సంతోషం. వాళ్ళ శ్రమను తక్కువ చేద్దామని ఈ ఉత్తరం రాయడం లేదు. కాని జాలరి ఇంట్లో పుట్టినవాణ్ణి కనక ఆ ఫొటోలో నా కళ్ళు ముందు వల మీదికే పోతాయి. అది ఏ వల, ఎవరిది, ఎప్పుడు పోయింది? వార్తలో ఆ మాట ఉండదు. ఇన్ని కిలోల వ్యర్థాలు తీశారని ఉంటుంది. ఆ వ్యర్థం ఎవరింట్లోనో ఇంకా తీరని అప్పండి.

మా అయ్య వల పోగొట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. తెల్లారేసరికి తెప్ప ఒడ్డుకొచ్చింది, వల రాలేదు. రాత్రి మర బోటేదైనా అడ్డంగా లాక్కుపోయిందో, అడుగున బండకే పట్టేసిందో తెలీదు. "పోనాది" అన్నాడు, అంతే. సావుకారు దగ్గర ఆ వల మీద తెచ్చిన డబ్బు తీరడానికి రెండేళ్ళు పట్టింది. డైవర్లు ఇలాంటివాటిని ఘోస్ట్ నెట్లంటారు. మా వాళ్ళు వాటికి వేరే పేరేమీ పెట్టలేదు, పోయిన వల అంటారు. మాకు పోయింది గాని చేపలకు పోలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తట్టలేదు.

మా తాత నాటి నూలు వల అయితే నీళ్ళలో కొన్నాళ్ళకే చివికిపోయేది. నైలానుకు ఆ గుణం లేదు. బండల మీద పడ్డ టంగుసు వలలో ఒక చేప చిక్కుతుంది, దాన్ని తినడానికొచ్చిన పీత చిక్కుతుంది, పీత కోసం మరొకటి వస్తుంది. లాగేవాడు లేకుండానే వేట సాగుతూ ఉంటుంది. తాబేలు గతి మరీ ఘోరం. నీళ్ళలోనే బతికినా ఊపిరికి పైకి రావాలి దానికి. గుడ్లు పెట్టడానికి మన తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు రెక్కకు వల ముక్క బిగుసుకుని ఒడ్డున చచ్చిపడి ఉండడం నేను కళ్ళారా చూశాను.

ఈ మధ్య ఒక డైవరు కుర్రాణ్ణి కూర్చోబెట్టి పని వివరం అడిగాను. జంటగా దిగుతారట. సిలిండరులో గాలి లెక్క చూసుకుంటూ, వలను కత్తితో ముక్కలు ముక్కలుగా కోసి, గాలి నింపే సంచీకి కట్టి పైకి వదులుతారు. నీరు ఊగిందంటే ఆ వల మనిషి మీదికే వస్తుంది. కాలికున్న ఫిన్ను చిక్కినా, వీపు మీది వాల్వు చిక్కినా ప్రాణానికే ముప్పు. ఒక్కోసారి వల మీదికే పగడాలు, స్పంజికలు పెరిగిపోయి ఉంటాయి. లాగితే అవీ ఊడొస్తాయి కనక వేలాడే అంచులు కోసుకుని మిగతాది వదిలేస్తారు. (విశాఖలో పగడాలేమిటని నవ్వకండి. ఇక్కడి బండల మీద ఉన్నాయని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళే నమోదు చేశారు.) ఇంత చెప్పి ఆ అబ్బాయి, "కొయ్యడం కాదంకుల్, వల ఎక్కడుందో తెలియడమే కష్టం" అన్నాడు.

నా ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే. 974 కిలోమీటర్లని చదువుకున్న తీరంలో, సెలవు రోజున దిగే పదిమంది ఎక్కడని వెతుకుతారు? వెతకాల్సిన పనీ లేదు. తెలిసినవాళ్ళు రేవులోనే ఉన్నారు. మా పెద్దలు కొండ గుర్తులు పట్టి ఏ బండ ఎక్కడుందో చెప్పేవారు. ఇప్పటి బోట్లలో జీపీఎస్ ఉంది, వల తెగిన చోటు అంకెలతో సహా దొరుకుతుంది. అడిగి రాసుకునేవాడే లేడు. నిన్న విశాఖ రేవులో ఎన్ని వలలు పోయాయో చెప్పే రిజిస్టరును నేనైతే ఇంతవరకూ చూడలేదు.

అడిగినా చెప్పరంటారా? నిజమే, ఇప్పుడున్న పద్ధతిలో చెప్పరు. మర బోట్లు ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపల వేటాడకూడదు. అక్కడ వల పోగొట్టుకున్నవాడు నోరు విప్పితే నేరం ఒప్పుకున్నట్టే. అందుకే వల పోయిందని చెప్పినవాడి మీద కేసుండదని ముందు ప్రకటించాలి. అలాగైతే దొంగ వేటకు మాఫీ ఇచ్చినట్టే గదా అని నా స్నేహితుడొకడు వాదించాడు. గస్తీ బోటుకు దొరికినవాడికి జరిమానా వెయ్యండి, ఎవరు వద్దన్నారు? ఇవాళ మనకు జరిమానా డబ్బూ రావడం లేదు, వలా రావడం లేదు. నార్వేలో వల పోగొట్టుకున్నవాడు దాన్ని తీసుకోలేకపోతే ఎక్కడ పోయిందో చెప్పి తీరాలి. 1983 నుంచీ అక్కడి మత్స్యశాఖే ఓడ పంపి అలాంటివాటిని తీయిస్తోంది. ఏ వల ఎవరిదో తెలిసేలా గుర్తులు కట్టాలని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా 2018లో మార్గదర్శకాలు ఆమోదించింది.

మా తప్పూ చెప్పాలి. మంచి వలను ఏ జాలరీ పారెయ్యడు గాని, చిరిగిన ముక్కను బోటు మీంచి నీళ్ళలోకి విసిరేది మాత్రం మా వాళ్ళే. ఒడ్డుకు తెస్తే దానికి కానీ రాదు, చోటు దండగ. రేవులోనే తూకం పెట్టి కిలోకింత అని కొంటే ఒక్క ముక్కా నీళ్ళలో పడదు. ఫిలిప్పీన్స్‌లో 2012లో అలాగే మొదలుపెట్టి, జాలర్ల దగ్గర కొన్న పాత నైలాన్ వలల్ని తివాచీల తయారీకి పంపారు. అంతదూరం ఎందుకు, కేరళలో నీండకర రేవు ఉంది. 2017 నుంచి అక్కడి బోట్లు వలలో పడ్డ ప్లాస్టిక్కును ఒడ్డుకు తెస్తుంటే, దాన్ని తురిమి రోడ్ల పనికి వాడుతున్నారు.

ఇక డైవర్ల సంగతి. వాళ్ళను ఎన్నాళ్ళు చప్పట్లతో సరిపెడతాం? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన దగ్గర వేట నిషేధం. మర బోట్లన్నీ లంగరు మీద ఉంటాయి, మనుషులు ఖాళీ, కొత్త వలలు పడేదీ తక్కువే. ఆ రోజుల్లో కొన్ని బోట్లను కిరాయికి తీసుకుని, చోటు తెలిసిన సరంగును, దిగడం తెలిసిన డైవరును ఒకే బోటులో ఎక్కించి ఇద్దరికీ కూలి ఇవ్వండి. నిషేధ కాలపు భృతి ఎలాగూ ఇస్తున్నారు, ఈ కూలి దానికి అదనంగా ఉండాలి. మా పేటలో ఈత నేర్పనక్కర్లేని కుర్రాళ్ళు బోలెడుమంది. స్కూబా కోర్సు ఫీజు చూసి వెనక్కి తగ్గుతున్నారు. ఆ ఫీజు మత్స్యశాఖ కట్టి, ఏడాదికి పదిమందికి నేర్పించినా చాలు. ఋషికొండ ఇసుకకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకోవడానికి ఎంత తాపత్రయపడ్డామో, అందులో పావలా వంతు నీటి అడుగు మీద పెట్టమంటున్నాను.

రిజిస్టరు ఏ రోజు తెరుస్తారో చెబితే మొదటి పద్దు నేనే రాయిస్తాను. అయ్య వల పోయిన చోటు నాకు తెలుసు. కైలాసగిరి కొన, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, ఈ రెండు గుర్తులూ పట్టి ఆయన ఎన్నోసార్లు చూపించాడు. మర బోటు లాక్కుపోయి ఉండకపోతే, నైలాన్ వలే కనక ఇంకా అక్కడే ఉండి ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెద జాలారిపేట, విశాఖపట్నం