రహస్యం ఎవరి రక్షణకు?

గడ్డపోతారం చెరువులో ఏ విషం కలుస్తున్నదో తేల్చుకోవడానికి ఈ ప్రాంత ప్రజలకు ఒక తరం పట్టింది. పటాన్‌చెరు పారిశ్రామిక కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకు చేరిన వ్యాజ్యం 2017లో హరిత ట్రిబ్యునలులో గాని ముగియలేదు. ప్రమాదాన్ని భరించేవానికే దాని సంగతి అందరికన్నా ఆలస్యంగా తెలియడం మన పాలనలో ఒక నీతి. కంప్యూటర్ల భద్రత విషయంలో ప్రభుత్వం ఆ నీతికి చట్టరూపమే ఇచ్చిందని నా ఆరోపణ.

సైబర్ దాడులపై హెచ్చరించే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్. దాడి జరిగితే 6 గంటల్లో తనకు తెలపాలని 2022 ఏప్రిల్‌లో అది కంపెనీలనూ ప్రభుత్వ సంస్థలనూ ఆదేశించింది. మంచిదే. కాని 2023 నవంబరులో కేంద్రం ఆ సంస్థను సమాచార హక్కు చట్టం రెండవ షెడ్యూలులో చేర్చి, గూఢచారి శాఖల సరసన కూర్చోబెట్టింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప తక్కినదేదీ ఇక అది మనకు చెప్పనక్కరలేదు. అందరూ దానికి చెప్పాలి. అది మాత్రం ఎవరికీ జవాబుదారీ కాదు!

గడ్డపోతారం పొరుగున బొల్లారంలో కర్మాగారాలున్న డాక్టర్ రెడ్డీస్ కంపెనీ, తన కంప్యూటర్లపై దాడి జరిగినట్లు 2020 అక్టోబరు 22న స్టాక్ ఎక్స్చేంజీలకు తెలిపింది. వాటాదారునికున్నపాటి హక్కు పౌరునికి లేదా? 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోని వివరాలు చోరీ అయ్యాయి. నిందితుణ్ణి పట్టుకున్నామని పోలీసులు ప్రకటించారు. దొంగ దొరికాడు, సరే. తాళం చేసిందెవరు? దానికెంత చెల్లించారు? రాత్రి షిఫ్టుకు వెళ్లే ఆడపిల్ల నమ్మి ఇచ్చిన ఫోను నంబరు పోతే, ఆమెకు కబురు పెట్టవలసిందెవరు?

బయటపెడితే శత్రువుకు మేలని కొందరంటారు. దేశభద్రతకు హాని కలిగించే సమాచారాన్ని ఆపడానికి అదే చట్టంలో 8వ సెక్షను ముందునుంచీ ఉన్నది. ఇక శత్రువు మాట. 2019 అక్టోబరు 29న కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం వారు తమ నియంత్రణ వ్యవస్థపై దాడి అసాధ్యమన్నారు. మర్నాడు అణువిద్యుత్ సంస్థ, పరిపాలనా విభాగపు కంప్యూటరులో వైరస్ దూరిన మాట నిజమేననీ, సెప్టెంబరు 4నే సెర్ట్-ఇన్ దాన్ని గమనించిందనీ ఒప్పుకున్నది. దాడి చేసినవానికి తెలుసు, అధికారులకు తెలుసు. తెలియనిది ప్రజలకొక్కరికే.

మనమడిగేది తాళంచెవి కాదు, లెక్క. ఎన్ని దాడులు, ఎందరి వివరాలు, ఎవరికెంత సొమ్ము? సెర్ట్-ఇన్‌కు దొరికిన మినహాయింపు మన పురపాలికకు, విద్యుత్ సంస్థకు, విశ్వవిద్యాలయానికి ఇంకా దొరకలేదు. అధ్యాపకులూ విద్యార్థులూ అక్కడ దరఖాస్తు పెట్టాలి. అడగని హక్కు రేపు ఏ షెడ్యూలులోనో అణగిపోతుంది.